చిలుక చుట్టూ గీత ఎందుకు చెడింది?

కుట్టుపని శీర్షికకు పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: గళ్లు గళ్లుగా నేసిన మ్యాటీ గుడ్డ మీద, గడికొక ఇంటూ గుర్తులా పడే క్రాస్ స్టిచ్‌తో చిలుక బొమ్మ కుట్టాను. లోపలి కుట్లు బాగానే కుదిరాయి కానీ, చుట్టూ నల్ల దారంతో బ్యాక్ స్టిచ్ (సూదిని వెనక్కి తిప్పుతూ వేసే గీత కుట్టు) వేశాక బొమ్మ అందమే పోయింది. గీత లావుగా ఉంది, వీపు దగ్గర వదులుగా వేలాడుతోంది, ముక్కు దగ్గర మెట్లు మెట్లుగా కనిపిస్తోంది. నా చేతిలోనే లోపముందా? అంతా విప్పేయమంటారా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీరు పంపిన ఫొటోలో క్రాసులన్నిటికీ పైకుట్టు ఒకే వైపుకు వాలి ఉంది. అంత ఓపికగా కుట్టిన చేతిలో లోపం వెతకనవసరం లేదు. తేడా వచ్చింది పోగుల లెక్కలోనూ, కుట్టు పొడవులోనూ.

ముందుగా గుడ్డ మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని గళ్లున్నాయో లెక్కపెట్టండి. ఎంబ్రాయిడరీ దారంలో 6 పోగులు కలిసి ఉంటాయి. 14 గళ్ల గుడ్డ మీద క్రాసుకు 2 పోగులు వాడితే అంచు గీతకు 1 పోగు చాలు. 11 గళ్ల ముతక గుడ్డయితే క్రాసుకు 3 పోగులు తీసుకుని, గీతకు ఒకటి గాని రెండు గాని వాడవచ్చు. క్రాసులకు సూదిలో ఎక్కించిన దారంతోనే మీరు గీత కూడా వేసినట్టు కనిపిస్తోంది, అందుకే అది బొమ్మకు అంచులా కాక కంచెలా నిలబడింది. ఒంటి పోగు గుడ్డలో పదేపదే దూరితే నూగు లేస్తుంది కనుక మూరెడు కంటే పొడవు తీసుకోకండి.

ఇక వీపు సంగతి. నాలుగు గళ్లను ఒకే కుట్టుతో దాటేస్తే పని త్వరగా తెములుతుంది గాని, ఆ దారానికి మధ్యలో పట్టు ఉండదు, ఉతికాక మరింత వదులవుతుంది. నిలువు, అడ్డ గీతల్లో గడికి ఒక కుట్టు వేయండి. ముక్కు దగ్గర మాత్రం ఈ నియమాన్ని సడలించాలి. క్రాసులు చదరంగా ఉంటాయి కనుక వాటి అంచునే పట్టుకుని వెళితే వంపు మెట్లుగానే వస్తుంది. ముక్కు మొదట్లో ఒక గడి అడ్డానికి రెండు గళ్లు కిందికి పడేలా ఒక ఏటవాలు కుట్టు, తర్వాత ఒక గడిని మూల నుంచి మూలకు కోసే కుట్టు, కొన దగ్గర నిలువుగా ఒక చిన్న కుట్టు వేసి చూడండి. దారం అక్కడక్కడ క్రాసు మీదుగా పోతుంది, పోనివ్వండి. అందుకే ఈ గీతను క్రాసులన్నీ పూర్తయ్యాకే వేయాలి.

సూది నడక కూడా ముఖ్యమే. అది ఎప్పుడూ ఒక గడి ముందున్న ఖాళీ రంధ్రంలోంచి పైకి వచ్చి, వెనక్కి తిరిగి, ఇంతకుముందు కుట్టు ముగిసిన రంధ్రంలోకి దిగాలి. దీన్ని తలకిందులు చేసి నిండిన రంధ్రంలోంచి పైకి తెస్తే, అక్కడున్న దారాన్ని సూది చీల్చుకుని వస్తుంది, కింది కుట్టూ పైకి లేస్తుంది. మొన మొద్దుగా ఉండే ట్యాపెస్ట్రీ సూది, 24 లేదా 26 నంబరుది, ఈ పనికి సరిపోతుంది. నాలుగైదు కుట్లకోసారి సూదిని కిందికి వేలాడదీస్తే దారం మెలిక దానంతటదే విడిపోతుంది.

రంగు విషయంలో నా అభిప్రాయం కాస్త కటువైనదే. నమూనా కాగితంలో గీత నల్లగా అచ్చయిందని బొమ్మ చుట్టూ నలుపే వేయాలనేమీ లేదు. పచ్చని ఒంటికి అంతకంటే ముదురు ఆకుపచ్చ, ఎర్రని ముక్కుకు ముదురు గోధుమ వాడి, నలుపును కంటికీ మగ చిలుక మెడలోని పట్టీకీ దాచుకోండి. డీఎంసీ కంపెనీ ఎంబ్రాయిడరీ దారాల్లో 310 నంబరు రంగు అచ్చమైన నలుపు, 3371 నలుపుకు దగ్గరి గోధుమ. ఈ రెండోది చాలా బొమ్మలకు ఒదుగుతుంది.

విప్పవలసింది గీతను మాత్రమే. గుడ్డను తిరగేసి, చిన్న కత్తెరతో మూడు నాలుగు కుట్లకు ఒకచోట తెంపి, ముక్కలు ముక్కలుగా తీయండి. పొడుగు దారాన్ని లాగితే క్రాసులు కూడా కదులుతాయి. గుడ్డ మీద మిగిలిన నల్లని నూగును సెల్లో టేపు అద్ది తీయవచ్చు.

ప్రశ్న: గీత మొదలుపెట్టేటప్పుడు దారానికి ముడి వేయవచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: వద్దు. ఫ్రేము కట్టించినప్పుడు ముడి ముందుకు ఉబ్బి కనిపిస్తుంది. గుడ్డ వెనక నాలుగైదు క్రాసుల కిందుగా దారాన్ని దూర్చితే అదే పట్టు ఇస్తుంది, ముగింపు కూడా అలాగే చేయాలి. ముదురు దారాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి ఖాళీ గుడ్డ వెనకగా లాక్కుపోకండి, ముందు వైపు నీడలా కనిపిస్తుంది.

ప్రశ్న: చేతిరుమాలు మూలన కుట్టే గీత రెండు వైపులా ఒకేలా కనిపించాలంటే ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, బళ్లారి)

జవాబు: బ్యాక్ స్టిచ్‌తో అది కుదరదు, ఎందుకంటే ముందు వైపు గడికి ఒక కుట్టు పడితే వెనక దారం రెండేసి గళ్లు సాగి ఒకదానిపై ఒకటి పడుతుంది. దానికి బదులు ఒక గడి కుట్టి ఒక గడి వదులుతూ చివరిదాకా వెళ్లి, తిరుగు దారిలో ఆ ఖాళీలను పూరించండి. 16వ శతాబ్దపు చిత్రకారుడు హాన్స్ హోల్బైన్ గీసిన రూపచిత్రాల్లో దుస్తుల అంచుల మీద ఇది కనిపించడంతో ఐరోపాలో దీనికి హోల్బైన్ కుట్టు అనే పేరు వచ్చింది. మీకు అంత దూరం అక్కరలేదు. కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతపు ఎంబ్రాయిడరీ అయిన కసూతిలో గవంతి అనేది ఇదే. అదే కసూతిలో క్రాసు కుట్టును మెంతి అంటారు, మన పోపుల పెట్టెలో మెంతులే. తిరుగు దారిలో సూది ప్రతిసారీ పాత దారానికి ఒకే పక్క నుంచి పైకి వచ్చి రెండో పక్కన కిందికి దిగాలి, లేకపోతే గీత పాములా మెలికలు తిరుగుతుంది. కొమ్మలున్న నమూనా అయితే వెళ్లే దారిలోనే ప్రతి కొమ్మ చివరిదాకా వెళ్లి, పూరించుకుంటూ వెనక్కి వచ్చి, మళ్లీ అసలు గీతలో కలవాలి.