షార్ట్ సెల్లింగ్ తీరు నెలల తరబడి గమనించాలంటే

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. మీరు గమనిస్తున్న కంపెనీ షేర్లో షార్ట్ సెల్లింగ్ (చేతిలో లేని షేర్లను ముందు అమ్మి, తర్వాత తిరిగి కొనడం) లెక్క రోజువారీగా దొరుకుతోంది కానీ ఆరు నెలల తీరు ఒక్కచోట కనిపించడం లేదన్నారు. నల్లగొండలో నేను చేస్తున్నదే చెబుతాను: ఓపిక పట్టి పట్టిక మీరే కట్టుకోవాలి.

ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) వెబ్‌సైటు నివేదికల్లో షార్ట్ సెల్లింగ్ ఫైలు ఉంటుంది. మీ కంపెనీ వరుసలు ఎక్సెల్‌లో చేర్చి, పక్క గడిలో ఆ రోజు చేతులు మారిన మొత్తం షేర్లు వేసి భాగించండి. 4,00,000 షేర్లలో 12,000 షార్ట్ అయితే 3 శాతం. వట్టి సంఖ్యను నమ్మకండి. మధ్యలో షేరు విభజన (ఒక షేరును పలు షేర్లుగా చీల్చడం) జరిగితే అది తారుమారవుతుంది, శాతం చెడదు.

నెల రోజుల సంఖ్యలు కూడితే ఇంకా తిరిగి కొనకుండా మిగిలిన షార్ట్ తెలుస్తుందన్నారు, అక్కడే పొరబడ్డారు. మీ మిల్లుకు ఈ రోజు వచ్చిన బస్తాలు వేరు, గోదాములో నిల్వ వేరు కదా! ఆ ఫైలులో ఉన్నది ఆ రోజు అమ్మకమే. తర్వాత తిరిగి కొన్నవి అందులోంచి తీసివేయరు. అమెరికాలో మాత్రం మిగిలిన నిల్వను నెలకు రెండుసార్లు ప్రకటిస్తారు.

మీ కంపెనీకి ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఈ రోజే ధర కుదుర్చుకునే కాంట్రాక్టులు) ఉంటే ఓపెన్ ఇంటరెస్ట్, అంటే ఇంకా ముగియని కాంట్రాక్టుల లెక్క, కూడా రాసుకోండి. ఈ నెల, వచ్చే నెల, ఆపై నెల కాంట్రాక్టులు మూడూ కలపాలి, లేకపోతే గడువు ముగిసే వారంలో చాలామంది తర్వాతి నెలకు మారడం వల్ల షార్ట్‌లు తగ్గిపోయినట్టు భ్రమ కలుగుతుంది. ధర పడుతూ ఓపెన్ ఇంటరెస్ట్ పెరిగితే కొత్త షార్ట్‌లకు సూచన. రుజువు మాత్రం కాదు, ప్రతి కాంట్రాక్టుకూ అవతల కొన్నవారు ఉంటారు.

ఎక్కడైనా ఆగిపోతే ఆ వరుసలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.