పంటుకి తుప్పు పట్టించే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే ఇనుప పంటుకి నువ్వు చేసిన నమూనాలో, 1:72 స్కేలుకి (అసలులో డెబ్బై రెండో వంతు) కొలతలు బాగా కుదిరాయి. ర్యాంపు గొలుసులు, పక్కన వేలాడే టైర్లు, అంచు కమ్మీలు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఇక మిగిలింది దాన్ని పాతబరచడం, చుట్టూ నీళ్ళూ గట్టూ పెట్టడం. తుప్పు రంగు సీసా మూత తీసే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ముందు ఏ నెలో తేల్చుకో. వశిష్ఠ గోదావరి ఏడాది పొడుగునా ఒకే రంగులో ఉండదు కదా. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్ళు వస్తాయి, వాటి మీద గుర్రపుడెక్క గుంపులు కొట్టుకొస్తాయి. కానీ వరద జోరుగా ఉంటే నరసాపురం రేవులో పంటు ఆపేస్తారు. ఎర్రటి వరద మధ్యలో మోటారు సైకిళ్ళు ఎక్కించుకుని వెళ్తున్న పంటుని పెట్టావంటే రేవు ఎరిగినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. వేసవిలో సముద్రపు ఉప్పు నీరు ఎగదన్నుతుంది, అందులో గుర్రపుడెక్క బతకదు. నన్నడిగితే కార్తీకం పెట్టుకో. వరద తీసేసి ఉంటుంది, గట్టు మీద గడ్డి పచ్చగానే ఉంటుంది, నీరు ఎక్కినంత మేరా చెట్ల మొదళ్ళకి ఒండ్రు అంటుకుని ఉంటుంది. ఆ ఒండ్రు గీత చెట్టుకైనా, గోడకైనా, రేవు మెట్ల పక్కనున్న స్తంభానికైనా ఒకే మట్టంలో ఉండాలి సుమా. నీళ్ళు ఒక చెట్టుకి ఎక్కువా ఒక చెట్టుకి తక్కువా ఎక్కవు. స్కేలు అడ్డం పెట్టి పెన్సిలుతో గుర్తు పెట్టుకుని మరీ వెయ్యి.

ఇప్పుడు తుప్పు. కొత్తగా చేసేవాళ్ళు చాలామంది ఇనుము కనబడిన చోటల్లా ఆరెంజి రంగు పులిమేస్తారు. ఇనుము అలా తుప్పు పట్టదు. నీరు నిలిచేచోట, రంగు పెచ్చులూడే అంచుల్లో, వెల్డింగు అతుకుల వెంబడి మొదలవుతుంది. నడుమ ఉన్న చదును రేకు చాలాకాలం బాగానే ఉంటుంది. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా ఉంటుంది. ఆరెంజి ఛాయ కొత్తగా పట్టినదానికే, అదీ సన్నగా. ర్యాంపు రేకు మీద బళ్ళ చక్రాలు రోజూ రాసుకుపోయే రెండు చారల్లో తుప్పు నిలవనే నిలవదు, ఇనుము తేలి మెరుస్తూ ఉంటుంది. అక్కడ రంగు వద్దు, మెత్తని పెన్సిలు ముల్లుని పొడి చేసి వేలితో రుద్దు.

పంటు పక్కల్ని బాగా గమనించు. ఖాళీగా ఉన్నప్పుడు అది తేలే మట్టం ఒకటి, బళ్ళు ఎక్కాక దిగే మట్టం ఇంకొకటి. ఆ రెంటి మధ్య పట్టీ రోజంతా తడుస్తూ ఆరుతూ ఉంటుంది, తుప్పు దండిగా పట్టేది అక్కడే. దాని కింద పాకుడు, పైన ఎండకి వెలిసిన రంగు. రేవులో పాతిన గుంజల సంగతి వేరు. అవి కదలవు, నీరే పోటుకి ఎక్కి ఆటుకి దిగుతుంది. అందుకని వాటి మీద పాకుడు పట్టీ వెడల్పుగా, పైకి పోయేకొద్దీ పలచబడుతూ ఉండాలి. పంటుకీ గుంజకీ ఒకే రకం మరక వేస్తే రెండూ అబద్ధమైపోతాయి.

పని వరస చెబుతాను. ప్రైమరు (రంగు పట్టడానికి ముందు వేసే పూత) మీద ముదురు తుప్పు రంగు యాక్రిలిక్‌తో (నీళ్ళతో పలచన చేసే రంగు) వేసి బాగా ఆరనివ్వు. దాని మీద జుట్టుకి కొట్టుకునే హెయిర్ స్ప్రే రెండు పూతలు కొట్టు. అది ఆరాక పంటు అసలు రంగు, అదీ యాక్రిలిక్కే, పలచగా వెయ్యి. ఓ అరగంటాగి, గట్టి కుచ్చు బ్రష్షు నీళ్ళలో ముంచి అంచుల దగ్గర మెల్లగా రుద్దితే కింద హెయిర్ స్ప్రే కరిగి పైరంగు పెచ్చులుగా లేస్తుంది. ఎక్కడ రుద్దాలో ముందే అనుకుని ఉండు, చెయ్యి మొదలెట్టాక ఆగదు. తర్వాత మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ ఒక పూత. కారిన మరకలకి ఆయిల్ పెయింటు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) చుక్క సూదిమొనంత పెట్టి, టర్పెంటైనులో తడిపి గుడ్డకి తుడిచేసిన బ్రష్షుతో పైనుంచి కిందికి ఒక్కసారి లాగు. కింద యాక్రిలిక్ ఉంది కాబట్టి టర్పెంటైను దాన్ని కదపదు. అలాగని ధారగా పొయ్యకు, అతుకుల దగ్గర ప్లాస్టిక్ పెళుసుబారి చిట్లుతుంది. టైర్లకి నలుపు వాడకు. ఎండలో ఉన్న టైరు ముదురు బూడిదరంగే, స్కేలు చిన్నదయ్యేకొద్దీ అచ్చమైన నలుపు మరీ ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

ఉప్పు చల్లి రంగు లేపే పద్ధతి కూడా ఉంది. మన గాలిలో తేమకి ఉప్పు చెమర్చేస్తుంది, ముసురు రోజుల్లో దాని జోలికి పోకు. మ్యాట్ వార్నిష్ స్ప్రే కూడా తేమలో కొడితే తెల్లగా పాలిపోతుంది. పొడి ఎండ కాసే రోజు చూసుకో.

గట్టుకి గోదావరి ఇసుకే వాడాలని నీకు ముచ్చటగా ఉందన్నావు. ముచ్చట మంచిదే కానీ లెక్క చూడు. మిల్లీమీటరు ఇసుక రేణువు 1:72లో ఏడు సెంటీమీటర్ల గులకరాయి. ఇసుక తిన్నె కాస్తా రాళ్ళగుట్టలా కనిపిస్తుంది. అందుకే ఒండ్రు మట్టి తెచ్చి, పెనం మీద బాగా వేడిచేసి (పురుగూ బూజూ పోతాయి), దంచి, పాత నేత చీర ముక్కలో జల్లించు. ఫెవికాల్‌లో అంతే నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, ముందు మట్టి మీద నీళ్ళ తుంపర కొట్టి, ఆ తర్వాత సిరంజితో చుక్కలుగా దింపు. ఆ చుక్క లిక్విడ్ లేకపోతే జిగురు పైన గోళీలా నిలబడిపోతుంది, మట్టిలోకి ఇంకదు. మైదా పేస్టు మాత్రం వద్దు, మన వానాకాలంలో బూజు పట్టకుండా ఉండదు.

నీళ్ళకి రెజిన్ (పోస్తే గాజులా గట్టిపడే ద్రవం) కొనొద్దు. అడుగు కనిపించే నీటికి రెజిన్ కావాలి, కార్తీకంలో కూడా మన నదిలో అడుగు కనబడదు. పలక మీదే ఆకుపచ్చా బురద కలిపిన రంగు, ఒడ్డున లేతగా, లోపలికి ముదురుగా వేసి, పైన గ్లాస్ (మెరిసే) వార్నిష్ పూత మీద పూత ఓపిగ్గా వేసుకుంటూ పో. పంటు వెనక నురుగుకి యాక్రిలిక్ జెల్ చాలు. గుర్రపుడెక్క కావాలంటే ఒడ్డున రెండు మూడు గుత్తులు చాలు. సన్నటి ఇత్తడి గొట్టం అంచు సానపట్టి పచ్చకాగితం మీద కొడితే మిల్లీమీటరున్నర ఆకులు రాలతాయి.

కొబ్బరిచెట్టు పద్దెనిమిది మీటర్లదైతే నీ స్కేలులో పాతిక సెంటీమీటర్లు. బల్ల మీద అది చాలా ఎత్తనిపిస్తుంది. భయపడి కుదించకు, మన రేవుల అందం ఆ ఎత్తులోనే ఉంది. తీగ చుట్టూ దారం చుట్టి జిగురు పూస్తే మట్టలు రాలిన కణుపులు వచ్చేస్తాయి. కింది మట్టలు రెండు మూడు ఎండి వేలాడనివ్వు. తాడిచెట్టు పెడితే కాండం నిటారుగా, నల్లగా ఉండాలి. రెండిటికీ ఒకే బూడిదరంగు వేసేస్తారు చాలామంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

వచ్చే ఏడాది రాజమండ్రి దగ్గర గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన, మొత్తం చేస్తానన్నావు. 45.7 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) ఈ స్కేలులో అరవై మూడున్నర సెంటీమీటర్లు. అలాంటివి 56 ఉన్నాయి, అన్నీ చేస్తే ముప్పై అయిదు మీటర్లు దాటుతుంది. రెండు స్పాన్లు, మూడు రాతి స్తంభాలు చెయ్యి, చాలు. ఏ సంవత్సరమో మాత్రం ముందే అనుకో. ఆ వంతెన మీద రైళ్ళు 1900లో మొదలై 1997లో ఆగాయి. 1996 అనుకుంటే పట్టా తల (చక్రాలు ఆనే పైభాగం) తళతళలాడాలి, పక్కలు తుప్పు. రైళ్ళు ఆగాక అయితే తల కూడా తుప్పే.

పంటుకి హెయిర్ స్ప్రే పని అయ్యాక ఫోటో తీసి పంపు, ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుగులో.

ఆశీస్సులతో,
మీ మావయ్య