కోరెషును ఎంచుకున్నవారు

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. మాది గుంటూరు జిల్లా. పదకొండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాం. ఆదివారం ఆరాధనకు ఇక్కడి అమెరికన్ల సంఘానికే వెళతాం. మూడు పెళ్లిళ్లు చేసుకున్న ట్రంప్‌ను దేవుడు లేపిన కోరెషు (బైబిలులోని పారసీక రాజు) అంటారు మా సంఘంలో. పదహారేళ్ల మా అమ్మాయి "నడవడి ముఖ్యమని నాకు నేర్పింది అబద్ధమా అమ్మా?" అని అడిగింది. ఏమి చెప్పాలో తోచలేదు.
– ఒక తల్లి, డాలస్

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. మీరు నేర్పింది అబద్ధం కాదు. ఆ పిల్ల పుట్టకముందే అమెరికా సంఘాలు ఆ మాటను గట్టిగా చెప్పాయి. 1998 జూన్‌లో, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ అక్రమ సంబంధం వ్యవహారం రగులుతున్నప్పుడు, అమెరికాలోని పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్టులు సాల్ట్ లేక్ సిటీలో సమావేశమై పదవుల్లో ఉన్నవారి శీలంపై తీర్మానం చేశారు. నాయకుల ఘోరమైన తప్పులను సహిస్తే సమాజపు మనస్సాక్షి మొద్దుబారుతుందన్నారు. సొంత జీవితంలో తప్పుగా నడిచినవాడు పదవిలో నీతిగా ఉండగలడా అని 2011లో ఒక సర్వేలో అడిగితే, తెల్లజాతి ఇవాంజెలికల్ (బైబిలు మాటకు గట్టిగా కట్టుబడే) క్రైస్తవుల్లో 30 శాతమే ఉండగలడన్నారు. ట్రంప్ పోటీ చేసిన 2016లో అలా అన్నవారు 72 శాతం. ఆ మధ్య బైబిలులో ఒక్క వచనమూ మారలేదు.

నిజానికి దీని విత్తనం పాతదే. ఆదివారం బడిలో పాఠాలు చెప్పే అధ్యక్షుడు కార్టర్‌ను వదిలి, 1980లోనే చాలామంది విడాకులు తీసుకున్న రీగన్ వైపు వెళ్లారు.

ఇక కోరెషు సంగతి. యెషయా గ్రంథంలో ఆయన అన్యుడైన పారసీక రాజు. ఆయన మంచి భర్తేనా అని బబులోను చెరలో ఉన్న యూదులు అడగలేదు. యెరూషలేముకు దారి తెరిస్తే చాలనుకున్నారు. ఆ పోలిక తెచ్చిన రోజే అక్కడి ఓటరు కొలబద్ద మార్చుకున్నాడు. మన సంఘాల్లో 'సాక్ష్యం' అంటామే, విశ్వాసానికి తగ్గ నడవడి, దాన్ని అడగడం మానేసి, ఇతను మాకు ఏమి కాపాడి పెడతాడు అని అడగడం మొదలుపెట్టాడు.

ఈ మార్పును ఒకే ఇంట్లో చూశాను. 2016 అక్టోబరు చివర నేను మా అబ్బాయి దగ్గర, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ శివారులో ఉన్నాను. పక్కింటి మార్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) గృహిణి తాను సీసాల్లో నిలవపెట్టిన పీచు పండ్లు మాకు తెచ్చి ఇచ్చేవారు. ఖాళీ సీసా తిరిగి ఇవ్వడానికి వెళితే, తపాలాలో వచ్చిన రెండు బ్యాలెట్లు వంటింటి బల్ల మీద ఉన్నాయి. ట్రంప్ ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడిన పాత వీడియో బయటపడి మూడు వారాలు కాలేదు. భర్త తన బ్యాలెట్ నింపేశారు. "జడ్జి స్కాలియా పోయాక సుప్రీంకోర్టులో కుర్చీ ఖాళీగా ఉంది. నా ఓటు ఆ కుర్చీకి" అన్నారు. ఆవిడ బ్యాలెట్ ఉప్పు డబ్బా కింద ఖాళీగానే ఉంది. "నాకు నలుగురు కూతుళ్లు" అని మాత్రం అన్నారు. తరువాత మెక్‌మలిన్ అనే మార్మన్ స్వతంత్ర అభ్యర్థికి వేశారట.

అలా ఆగి ఆలోచించినవారు ఆవిడ ఒక్కరే కారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థిగా నిలిచిన తమ మతస్థుడు రామ్నీకి దాదాపు 73 శాతం ఓట్లు ఇచ్చిన, మార్మన్లు ఎక్కువగా ఉన్న యూటాలో ట్రంప్‌కు 45 శాతం పైచిలుకు వచ్చాయి. మెక్‌మలిన్‌కు 21 శాతం దాటాయి. అయినా అక్కడ గెలిచింది ట్రంపే.

ఆ భర్తను నేను కపటి అనను. ఆయన కోరుకున్నది జరిగింది కూడా. గర్భస్రావాన్ని హక్కుగా గుర్తిస్తూ 1973లో ఇచ్చిన తీర్పును 2022 జూన్‌లో అదే కోర్టు కొట్టివేసింది. ఒక అవసరం కోసం ఓటు వేశానని ఒప్పుకునే మనిషితో నాకు పేచీ లేదు. వేసిన ఓటును కాపాడుకోవడానికి తప్పును తప్పు కాదనడం దగ్గరే నా కడుపు మండుతుంది. "దావీదు పాపం చేయలేదా" అని కూడా మీ సంఘంలో అనే ఉంటారు. చేశాడు, పరాయివాడి భార్యను తీసుకుని ఆ భర్తను చంపించాడు. కానీ నాతాను ప్రవక్త రాజు ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు, రాజు ఒప్పుకున్నాడు. దావీదును తలచుకునేవారు నాతానును ఎందుకు దాటేస్తారు?

సమూయేలు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయం మీ అమ్మాయి చేత చదివించండి. తరువాత ఆ పిల్లను పాస్టర్ గారి దగ్గరకు తీసుకువెళ్లి, మిమ్మల్ని అడిగిన ప్రశ్నే ఆయననూ అడగనివ్వండి. మీరు పక్కన కూర్చోండి, మధ్యలో మాట్లాడవద్దు.