డిలీట్ అయిపోయిన ‘అమ్మ’ ఫోల్డర్

ప్రశ్న: అమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ ఫొటోలు రెండొందలకు పైగా, ఫోన్‌లో రికార్డు చేసిన మాటలూ పాటలూ పదకొండు, అన్నీ ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ‘అమ్మ’ అనే ఫోల్డర్‌లో దాచుకున్నాను. మొన్న డిస్క్‌లో జాగా కోసం సర్దుతూ, అది రెండో కాపీ అనుకుని, రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టేశాను. తీరా చూస్తే ఉన్నది అదొక్కటే. వెంటనే డిస్క్ తీసేసి బీరువాలో పెట్టాను. ఒకరేమో ఫార్మాట్ చేసి రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టమంటున్నారు. ఇంకొకరు ఇక ఆశ వదులుకోమంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఆశ వదులుకోకండి. మీ ఉత్తరం చేరిన రోజే మీకు విడిగా జవాబు పంపాను. ఇదే అవస్థలో ఇంకొందరు ఉంటారని ఇక్కడా రాస్తున్నాను.

వెంటనే డిస్క్ తీసేసి పక్కన పెట్టారు చూడండి, అది చాలా మంచి పని. హాజరు పట్టీలో పేరు కొట్టేసినంత మాత్రాన పిల్లాడు క్లాసులోంచి మాయమైపోడు కదా. హార్డ్ డిస్క్‌లో డిలీట్ కూడా అలాంటిదే. విండోస్ ఆ ఫైలు పేరు దగ్గర ‘ఈ చోటు ఖాళీ’ అని గుర్తు పెట్టుకుంటుందంతే. ఫొటో ఉన్నచోటే ఉంటుంది. ఆ బెంచీ మీదకి కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటేనే, అంటే అదే చోట కొత్త ఫైలు రాసినప్పుడే, పాతది నిజంగా పోతుంది. అందుకే ఆ డిస్క్‌లోకి ఇప్పుడు ఒక్క పాట కూడా కాపీ చేయకూడదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నగారు చేత్తో రాసుకున్న నోటుపుస్తకం పేజీలు స్కాన్ చేసి ఒక డిస్క్‌లో పెట్టుకున్నాను. పొరపాటున డిలీట్ అయ్యాయి. కంగారులో రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లోకి దింపాను, దొరికిన ఫైళ్లనూ అదే డిస్క్‌లో సేవ్ చేశాను. తిరిగొచ్చిన పేజీల్లో ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఏడో వరుస వరకూ ఆయన అక్షరాలు, ఆ గుండ్రటి ‘ళ’తో సహా, శుభ్రంగా కనిపిస్తాయి. ఎనిమిదో వరుస మధ్య నుంచి అడుగుదాకా ఒకే బూడిద రంగు. ఒక్కో ఫైలూ తిరిగొస్తూ ఇంకో ఫైలు చోటును తినేసింది. మీకలా జరగకూడదని నా కోరిక.

ఫార్మాట్ సలహాను మాత్రం దయచేసి వినకండి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం సున్నాలు రాసేయడమే. దాని తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు. క్విక్ ఫార్మాట్ అంత పని చేయదు గానీ, ఫైళ్ల పేర్లూ ఫోల్డర్లూ ఉన్న పట్టికను కొత్తగా మొదలుపెడుతుంది. మీకు దానితో పనే లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు ఇంకో డిస్క్ సంపాదించండి, ఒక టీబీ కంటే కాస్త పెద్దదైతే మేలు. అది చేతికొచ్చేదాకా పాతదాన్ని కంప్యూటర్‌కు తగిలించకండి. తగిలించిన ప్రతిసారీ మనం ఏమీ చేయకపోయినా విండోస్ దానిమీద చిన్న చిన్నవి రాసే అవకాశం ఉంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ సీ డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ చేయండి.

అన్నీ సిద్ధమయ్యాక మొదటి పని రికవరీ కాదు, ఇమేజ్. అంటే పాత డిస్క్ మొత్తాన్ని, ఖాళీగా కనిపించే చోట్లతో సహా, ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లో ఒకే పెద్ద ఫైలుగా తీసుకోవడం. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. సెకనుకు వంద ఎంబీ చొప్పున చదివినా ఒక టీబీకి దాదాపు మూడు గంటలు పడుతుంది, పాత యూఎస్‌బీ 2 పోర్టు అయితే రాత్రంతా నడవాలి. నడవనివ్వండి. ఒకసారి ఇమేజ్ చేతిలో ఉంటే, తర్వాత ఏ ప్రయోగం తప్పినా అమ్మ ఫైళ్లకు ప్రమాదం లేదు. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. పోయినవి మళ్లీ దొరకని ఫైళ్లయినప్పుడు దాటేయకూడదని నా అభిప్రాయం.

ఆ తర్వాత వెతుకులాట. మొదట పేర్లతో సహా తెచ్చే సాఫ్ట్‌వేర్లు వాడండి. మీ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను డిస్క్‌లో సర్దే ఒక పద్ధతి)లో ఉంటే, డిలీట్ అయిన ఫైలు పేరు, అది డిస్క్‌లో ఎక్కడుందన్న వివరం ఇంకా పట్టికలో ఉండే అవకాశం ఎక్కువ. టెస్ట్‌డిస్క్‌లోనే డిలీట్ అయినవాటిని వెనక్కి తెచ్చే అన్‌డిలీట్ ఉంది. రెకువా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడటం తేలిక. మైక్రోసాఫ్ట్ 2020లో ఇచ్చిన విండోస్ ఫైల్ రికవరీ కూడా ఉచితమే, కాకపోతే కమాండ్లు టైప్ చేయాలి. ఇది ఒక డ్రైవ్ నుంచి తీసినవాటిని అదే డ్రైవ్‌లో పెట్టనివ్వదు. ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది.

అలా దొరకనివాటికి ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్. ఇది పేర్ల జోలికి పోదు. డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుతూ ఫైళ్ల ఆనవాళ్లు పడుతుంది. ప్రతి జేపీజీ ఫొటో ఒకే రకం బైట్లతో మొదలవుతుంది, అది కనబడగానే ‘ఇక్కడొక ఫొటో ఉంది’ అని బయటికి తీస్తుంది. ఫొటోలే కాదు, ఆడియో రికార్డింగులూ పడుతుంది. పాత పేర్లు మాత్రం రావు, ‘ఎఫ్’ అక్షరం పక్కన అంకెలతో వేల ఫైళ్లు వచ్చి పడతాయి. చూసి బెంబేలెత్తకండి. ముందే మీకు కావలసిన రకాలు మాత్రమే ఎంచుకోండి. వచ్చాక సైజు ప్రకారం వరుస పెట్టి, చిన్నవాటిని పక్కకు తోయండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో తీసిన తేదీ లోపలే ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు.

దొరికిన రికార్డింగులను చివరిదాకా వినండి. మొదటి పది సెకన్లు బాగుంటే సరిపోదు, ఫైలు మధ్యలో విరిగి ఉండవచ్చు. పూర్తిగా విన్నవాటినే ‘దొరికాయి’ అని లెక్కపెట్టుకోండి. అన్నీ సరిచూసుకున్నాక ఇంకో చోట కూడా కాపీ పెట్టేదాకా ఆ పాత డిస్క్‌ను వాడకండి.

ఇంకొక్క మాట. అవి మొదట రికార్డు చేసిన ఫోన్ ఇంకా ఉందా? వాట్సాప్‌లో అక్కకో అన్నయ్యకో ఎప్పుడైనా పంపారా? ఇమేజ్ నడుస్తున్నంతసేపూ ఫోన్లు చేసి అడగండి. వాళ్ల ఫోన్లలో ఒకటి రెండు బయటపడినా పడవచ్చు.

ఇంకొకరి ప్రశ్న: ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని ఫైళ్లను మామూలుగానే డిలీట్ చేశాను, షిఫ్ట్ నొక్కలేదు. రీసైకిల్ బిన్‌లో లేవు. ఎందుకని?

జవాబు: ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఉందా? దాని ఫైళ్లకు రీసైకిల్ బిన్ ఆ డిస్క్‌లోనే దాగి ఉంటుంది, తగిలించకపోతే కనిపించదు. డిలీట్ చేసింది వేరే కంప్యూటర్‌లో అయితే అక్కడే పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ అయితే మామూలుగా బిన్‌లోకి వెళ్లవు, నేరుగా పోతాయి. అప్పుడు పైన చెప్పిన దారే.

మరొకరి ప్రశ్న: నా డిస్క్ తగిలించగానే టక్ టక్ మని చప్పుడు వస్తోంది, ఫైళ్లు కనిపించడం లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

జవాబు: ఏదీ వద్దు. వెంటనే తీసేయండి. అది లోపలి భాగాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు కావచ్చు, తిరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది. డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి. ఎంతవుతుందో, ఏమీ దొరక్కపోతే ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి.

వేరొకరి ప్రశ్న: నాది ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద రాసే డిస్క్). అదే పద్ధతి పనిచేస్తుందా?

జవాబు: చాలాసార్లు పనిచేయదు. డిలీట్ చేయగానే ట్రిమ్ అనే ఆదేశం వెళితే, ఎస్‌ఎస్‌డీ ఆ చోటును తనే తుడిచేసుకుంటుంది. డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే లోపలి చిప్ ఆ ఆదేశాన్ని దాటనివ్వకపోతే ఫైళ్లు మిగిలి ఉండవచ్చు. అందుకని డిలీట్ చేసిన క్షణంలోనే తీసేసి, ఒకసారి స్కాన్ చేసి చూడండి. ఈలోపు పాత ఫోన్లు, మెయిళ్లు వెతకడం మొదలుపెట్టండి.