పుల్లీ సైజు ఎంచుకునే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నీ బండి సూపర్‌ఛార్జర్‌కు (బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే యంత్రానికి) ఇప్పుడున్న 75 మిల్లీమీటర్ల పుల్లీ తీసేసి ఒకేసారి 65 వేద్దామనుకుంటున్నానని రాశావు. నా మాట విని ముందు 70 దగ్గర ఆగు. ఎందుకో చెబుతాను.

లెక్క చిన్నదే. క్రాంక్ పుల్లీ (ఇంజిన్ వైపు నుంచి బెల్టును తిప్పేది) వ్యాసాన్ని సూపర్‌ఛార్జర్ పుల్లీ వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని ఇంజిన్ ఆర్‌పీఎంతో గుణించు. నీ క్రాంక్ పుల్లీ 190 మిల్లీమీటర్లు. ఇంజిన్ 6,500 దగ్గర ఉన్నప్పుడు 75 పుల్లీతో సూపర్‌ఛార్జర్ సుమారు 16,500 తిరుగుతుంది. 70తో 17,600 దాటుతుంది. 65తో ఏకంగా 19,000. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ వేగాన్ని ఈ అంకెల పక్కన రాసుకో. మామూలుగా నడిపే ఆర్‌పీఎంతో కాదు, రెవ్ లిమిటర్ (ఇంజిన్ వేగం ఇక పెరగకుండా ఆపేది) పడే ఆర్‌పీఎంతో లెక్క కట్టు. ఆ హద్దు దాటించే పుల్లీ గురించి ఇక ఆలోచించనే వద్దు.

నీది రూట్స్ రకం (రెండు రోటర్లు తిరుగుతూ గాలిని తోసేది) కాబట్టి తిరిగే వేగాన్ని బట్టి గాలి పెరుగుతుంది. ఫ్యాన్ లాంటి చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్‌లో అలా కాదు, పీడనం దాదాపు వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. కాబట్టి ఆ రకం వాడేవాళ్ల సైజులు చూసి నువ్వు నిర్ణయం తీసుకోకు.

బూస్ట్ గేజ్‌లో ఇన్ని పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కనపడాలని పట్టు పట్టకు. ఇంజిన్ మింగలేక మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో) నిలిచిపోయిన గాలి ఒత్తిడే బూస్ట్. ఎగ్జాస్ట్ హెడర్ (పొగ బయటికి పోయే గొట్టాలు) మంచిది వేసినా, వాల్వులను తెరిచే క్యామ్ మార్చినా, అదే పుల్లీతో గేజ్ అంకె తగ్గి పవర్ పెరగవచ్చు. అది చూసి బూస్ట్ పడిపోయిందని ఇంకా చిన్న పుల్లీ వేసేవాళ్లున్నారు. నువ్వు ఆ పని చేయకు.

అసలు నన్ను కలవరపెట్టేది వేడి. రూట్స్ సూపర్‌ఛార్జర్ గాలిని తన లోపల కుదించదు, మానిఫోల్డ్‌లోకి నెడుతుందంతే. ఒత్తిడి పెరిగేది అక్కడే కాబట్టి గాలి బాగా వేడెక్కుతుంది. ఒక వేగం దాటాక అదనంగా వచ్చే గాలి కొంచెం, అదనంగా వచ్చే వేడి బోలెడు. పైగా దాన్ని తిప్పడానికి క్రాంక్ నుంచి లాగే పవరూ పెరుగుతుంది. వేడి గాలికి నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలైతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, టైమింగ్‌ను (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయాన్ని) వెనక్కి లాగుతుంది. అప్పుడు 65 పుల్లీ 70 కన్నా తక్కువ పవర్ ఇచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే ఒక్క పరుగు చూసి సంబరపడకు. వెంటవెంటనే మూడోసారి ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇన్‌టేక్ ఉష్ణోగ్రత ఎక్కడుందో, టైమింగ్ ఎంత పోయిందో చూడు. ఎండాకాలం మధ్యాహ్నం నువ్వు నడిపేది ఆ ఇంజిన్నే.

ఇంధనం సంగతి ట్యూనర్‌తో (ఈసీయూ సెట్టింగులు సరిచేసేవాడితో) తేల్చుకో. ఇంజెక్టర్ డ్యూటీ (ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) ఇప్పటికే 85 శాతం దగ్గరుంటే ముందు ఇంజెక్టర్లు మార్చాలి, పుల్లీ తర్వాత. మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ 2 బార్‌ది అయితే సుమారు 14 పీఎస్ఐ బూస్ట్ దాటాక దానికేమీ కనపడదు. ప్లగ్‌లు ఒక మెట్టు చల్లనివి వేసి, గ్యాప్ కాస్త తగ్గించు.

ఇక బెల్టు. పుల్లీ చిన్నదైతే బెల్టు పట్టుకునే చోటు తగ్గుతుంది, లాగాల్సిన బరువేమో పెరుగుతుంది. 5,000 దాకా బాగానే ఎక్కిన బూస్ట్ ఆ పైన చదునుగా ఉండిపోయినా, కిందికి దిగినా ముందు బెల్టునే అనుమానించు. ఇంజిన్ ఆపి టార్చ్ వేసి చూడు: పుల్లీ చుట్టూ నల్లటి రబ్బరు పొడి, బెల్టు గాడుల్లో అద్దంలాంటి మెరుపు ఉంటే జారుతున్నట్టే. కొత్త పుల్లీకి సరిపడా పొట్టి బెల్టు తీసుకో, బెల్టు పుల్లీని మరింత చుట్టుకునేలా ఐడ్లర్ (బెల్టును దారి మళ్లించే ఉత్త చక్రం) పెట్టే వీలుందేమో చూడు. టెన్షనర్‌ను (బెల్టును బిగువుగా ఉంచే భాగాన్ని) మరీ గట్టిగా బిగిస్తే సూపర్‌ఛార్జర్ ముందు బేరింగ్ దెబ్బతింటుంది.

సూపర్‌ఛార్జర్ పుల్లీని అలాగే వదిలేసి క్రాంక్ పుల్లీని పెద్దది చేస్తే ఆ జారుడు తప్పుతుంది, నిజమే. కానీ నీ బండిలో అన్నిటికీ ఒకటే బెల్టు కాబట్టి ఆల్టర్నేటర్, వాటర్ పంప్ కూడా వేగంగా తిరుగుతాయి. పైగా క్రాంక్ పుల్లీయే కంపనాలను అణిచే డ్యాంపర్. తేలిగ్గా ఉందని డ్యాంపర్ లేని అల్యూమినియం దిమ్మ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకు.

పుల్లీ ప్రెస్ ఫిట్ (షాఫ్ట్‌పై బిగుతుగా నొక్కి ఎక్కించినది) అయితే పుల్లర్ అనే లాగే పనిముట్టుతోనే లాగించు. సుత్తి పట్టుకున్న మెకానిక్‌ను అక్కడే ఆపు, ఆ దెబ్బలు నేరుగా షాఫ్ట్‌కూ బేరింగులకూ తగులుతాయి. బిగించాక స్కేలు పెట్టి, పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడు.

70 వేశాక ట్యూన్ సరిచేయించి, బూస్ట్, ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, టైమింగ్, గాలి-ఇంధన నిష్పత్తి నాలుగూ నమోదైన లాగ్ నాకు పంపు. ఫుల్ థ్రాటిల్‌లో నిష్పత్తి 12 దాటి పల్చబడుతుంటే (గాలికి తగ్గ ఇంధనం అందకపోతుంటే) మాత్రం నా జవాబు కోసం ఆగకు, వెంటనే కాలు తీసెయ్.

ఇట్లు,
మీ బాబాయి