బీపీ ఉన్న గర్భిణికి మెగ్నీషియం ఇంజెక్షన్ పెడితే మెదడు మొద్దుబారుద్దా?

మీ చెల్లెలికి ఎనిమిదో నెల, బీపీ 160/110, యూరిన్‌లో ప్రోటీన్ పోతా ఉంది, డాక్టరమ్మ మెగ్నీషియం పెట్టాలంటే వాళ్ళత్తగారు "మెదడు మొద్దుబారిపోద్ది, మాత్రలిస్తే చాలు" అంటా ఉందని రాశారు కదా. అక్కా, దయచేసి వద్దనొద్దు. ఆ ఇంజెక్షన్ ఇచ్చేదే మెదడు కోసం.

నాకు 2019లో మొదటి కాన్పప్పుడు పెట్టారు. మాది కందుకూరు దగ్గర పల్లె. కాళ్ళకి నీరు దిగితే మామూలేలే అన్నారు, నేనూ అట్టే అనుకున్నా. తర్వాత రెండ్రోజులు తలనొప్పి, పారాసెటమాల్ వేసినా తగ్గలా. మూడోరోజు పప్పుకి తాలింపు పెడతా ఉంటే కళ్ళముందు మెరుపులు, చేతిలో గరిటె ఉంది గానీ బాండలి అంచు కనపడలా. రొమ్ముల కింద ఒకటే నొప్పి, మా అమ్మేమో గ్యాస్ అనుకొని వామునీళ్ళు కాస్తా ఉంది. ఆశా అక్క వచ్చి బీపీ చూసి మారు మాట్లాడకుండా 108కి ఫోన్ చేసింది, ఆ రాత్రే ఒంగోలు తీసుకుపోయారు.

అక్కడ డాక్టరు చెప్పింది నాకర్థమైనంతలో చెప్తా. బీపీ అంత పెరిగితే మెదడులో సన్న రక్తనాళాలు తట్టుకోలేవు, వాటిల్లోంచి నీరు ఊరి మెదడు ఉబ్బుద్ది, ఎక్కువగా వెనకభాగంలో, చూపుకి సంబంధించింది అక్కడే ఉంటది కాబట్టి కళ్ళు మసకలు. అది ముదిరితే ఫిట్స్, మన పెద్దోళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. మెగ్నీషియం ఆ ఫిట్స్ రాకుండా ఆపడానికి. బీపీ తగ్గించడానికి లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివి వేరేగా ఇస్తారు. ఇదేమీ కొత్త మందు కూడా కాదు, 2002లో మ్యాగ్‌పై అని 33 దేశాల్లో పదివేల మంది గర్భిణుల మీద చేసిన స్టడీలో ఇది ఇచ్చినవాళ్ళకి ఫిట్స్ సగానికి పైగా తగ్గినయ్.

బాధ లేదని మాత్రం చెప్పను. నరానికి 4 గ్రాములు నిదానంగా ఎక్కించారు, రెండు తుంట్లకీ 5 చొప్పున సూదులేశారు, మళ్ళీ నాలుగ్గంటలకొకటి. నరానికి ఎక్కేటప్పుడు ఒళ్ళంతా కారం పూసినట్టు మంట, మా అమ్మ కొంగుతో విసరతానే ఉంది. తర్వాత మత్తుగా ఉండి మాట ముద్దగా వచ్చింది, మీవాళ్ళు మొద్దుబారడం అనేది దీన్నేనేమో, మందు ఆపినాక పోయింది. సూది వేసే ముందు ప్రతిసారీ సిస్టరు నా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి కాలు ఎగరతా ఉందా చూసేది, ఊపిరి లెక్కపెట్టేది, వంగి యూరిన్ బ్యాగులో గీత చూసి రాసుకునేది. డోసు ఎక్కువైతే ముందు ఆ మోకాలి కదలిక పోద్ది, ఆ తర్వాతే ఊపిరికి ఇబ్బంది, విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకొని ఉంటారు. మీ చెల్లెలికి ఇవన్నీ చూస్తా ఉన్నారా అని మీరు అడగండి, అడిగితే తప్పేం లేదు.

మాత్రలు దీనికి బదులు కావు. రక్తంలో అంత మెగ్నీషియం మాత్రలతో రాదు, ఎక్కువ మింగితే విరేచనాలు పట్టుకుంటయ్ అంతే.

ఇంకోటి, బిడ్డ పుట్టేసింది కదా అని ఇంటికి తొందరపడొద్దు. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు, అందుకే ఇంకో 24 గంటలు మందు ఇస్తారు. నాకైతే ఇంటికొచ్చినాక ఐదారు నెలలు మతిమరుపు, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేదాన్ని. నిద్రలేక కొంత, జబ్బు వల్ల కొంత అయ్యుండొచ్చన్నారు, తర్వాత తగ్గింది. కానీ ఈ బీపీ వచ్చినోళ్ళకి పెద్దయ్యాక బీపీ, పక్షవాతం, గుండెజబ్బు రిస్కు ఎక్కువ కాబట్టి ఏటా బీపీ చూపించుకోమన్నారు, నేను చూపించుకుంటా ఉండా. పాపకి ఇప్పుడు స్కూలు వయసు.

మీ చెల్లెలికి తలనొప్పి, కళ్ళు మసకలు, పైకడుపులో నొప్పి ఉన్నయ్యా? ఉంటే ఇది చదవడం ఆపి ముందు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యండి.