మూడు ఎంఎం బెజ్జం, మాడిపోయిన నాలుగు బిట్లు

ప్రశ్న: మాస్టారూ, ఆదివారాలు సరదాగా కత్తులు చేస్తుంటాను. ఈసారి పాత ఇనుము కొట్లో 3 ఎంఎం మందం స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క కిలో లెక్కన తెచ్చాను. కత్తి ఆకారం కోయడం వరకూ బాగానే అయింది. పిడికి ఇత్తడి పిన్నులు పెడదామని 3 ఎంఎం బెజ్జాలు వేయబోతే అర మిల్లీమీటరు దిగి ఆగిపోతోంది, కీచుమని అరుస్తుంది, పొగ వస్తుంది, బిట్టు మొన నీలంగా మారి మొద్దుబారిపోతుంది. నాలుగు బిట్లు పోయాయి. కాంక్రీటు బిట్టు పెట్టినా లాభం లేదు. ఏం చేయాలి?
– పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ కాంక్రీటు బిట్టు పక్కన పెట్టేయండి. అది గోడను పొడిచి పిండి చేసే బిట్టు, స్టీలు మీద పెడితే కోయదు, రుద్దుతుంది. మీ జబ్బంతా ఆ రుద్దడమే.

బైండింగ్ వైరును ఒకేచోట అటూ ఇటూ వంచుతుంటే అక్కడ బిర్రబిగుస్తుంది చూడండి, ఈ స్టీలుదీ అదే గుణం, ఎక్కడ నలిగితే అక్కడ గట్టిపడుతుంది. బిట్టు కోయకుండా ఒక్క క్షణం ఊరికే తిరిగినా కింద అద్దంలా నున్నటి పొర తయారవుతుంది, ఇక దాని మీద మామూలు బిట్టు ఎంత తిరిగినా దండగే. పైగా మామూలు ఇనుములా ఇది వేడిని త్వరగా లాగేసుకోదు కాబట్టి ఆ వేడంతా బిట్టు మొన మీదే పడుతుంది. అందుకే నీలం.

కాబట్టి స్పీడు తగ్గించి బలం పెంచాలి, మనం చేసేదేమో సరిగ్గా రివర్సు. చేతి డ్రిల్లు ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే చాలావాటిలో నిమిషానికి 2,500 చుట్లు దాటుతుంది. 3 ఎంఎం బిట్టుకు 1,000 చాలు, ఇంకాస్త తగ్గినా నష్టం లేదు. చేత్తో ఆ స్పీడు పట్టి ఉంచడం కష్టం, దానికితోడు కొంచెం వంగినా సన్న బిట్టు టక్కున విరుగుతుంది. మీకు ఆటోనగర్ కూతవేటు దూరమే కదా, తెలిసిన వర్క్‌షాపులో పిల్లర్ డ్రిల్ (స్తంభానికి బిగించి ఉండే డ్రిల్లు) ఉంటే బెల్టును తక్కువ స్పీడు వచ్చే పుల్లీకి మార్పించి పావుగంటలో పని ముగించుకోండి. కోస్తోందా రుద్దుతోందా అన్నది బిట్టు గాడుల్లోంచి వచ్చేదాన్ని చూస్తే తెలిసిపోతుంది. తెల్లగా మెరిసే చుట్టలు రెండు పక్కలా లేస్తుంటే కోస్తున్నట్టు. బూడిదలాంటి పొడి రాలుతుంటే వెంటనే బిట్టు పైకెత్తేయండి.

బిట్టు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి, నేను మోసపోయాను. బంగారు రంగుది చూపించి కోబాల్ట్ (గట్టి స్టీలును కోయడానికి ఆ లోహం కలిపిన బిట్టు) అని ఒక కొట్లో అంటగట్టారు, రెండో బెజ్జానికే చచ్చింది. ఆ రంగు టైటానియం నైట్రైడ్ పూత, దాని లోపల ఉన్నది మామూలు హెచ్‌ఎస్‌ఎస్సే (హై స్పీడ్ స్టీలే) కావచ్చు. ఎం35 అని అడగండి, అందులో కోబాల్ట్ సుమారు 5 శాతం ఉంటుంది. మొన కోణం 135 డిగ్రీలుండి స్ప్లిట్ పాయింట్ (మొన మధ్యలో చీల్చినట్టు సానబట్టింది) అయితే పెట్టిన చోటు నుంచి అంతగా జారదు. బెజ్జం చోట చిన్న గుంట పెట్టే సెంటర్ పంచ్ మాత్రం మెల్లగా ఒక్క దెబ్బ చాలు. గట్టిగా బాదితే బెజ్జం పడాల్సిన చోటే గట్టిపడుతుంది.

నూనె తప్పదు. కటింగ్ ఆయిల్ మంచిది, లేదంటే ఇంట్లో ఆముదమైనా పరవాలేదు, కాస్త జిడ్డు, అంతే. రజను తీయడానికి బిట్టు ఎత్తితే మళ్లీ దించేటప్పుడు సుతారంగా ఆనించకుండా గట్టిగానే దించాలి. కింద చెక్క పెట్టి ముక్కను రెండు క్లాంపులతో బిగించండి. అవతలికి దిగే క్షణంలో బిట్టు పట్టేసి ముక్క గిర్రున తిరుగుతుంది. ఒకసారి బద్ధకించి చేత్తో పట్టుకున్నాను, నా ఎడమ అరచేతిలో అడ్డంగా ఆ గీత ఇప్పటికీ ఉంది. మీరు ఇప్పటికే పాడుచేసిన బెజ్జాలను పైనుంచి కెలకొద్దు, ముక్క తిరగేసి అవతలి వైపు నుంచి కొత్త బిట్టుతో రండి.

ఇక మీరు అడగని సంగతి ఒకటి. ఆ ముక్కకు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది 304, 202 లాంటి రకం, గిన్నెల స్టీలన్నమాట. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినా గట్టిపడదు, కాబట్టి కత్తి చేసినా పదును నిలవదు, నాలుగు టమాటాలు కోసేసరికి మొద్దు. అంటుకుంటే మాత్రం సంబరపడిపోకండి, 430 రకం కూడా అంటుకుంటుంది, అదీ కత్తికి పనికిరాదు. ఈ ముక్క మీద చేయి తిప్పుకోండి, అసలు కత్తికి 420 లేదా 440సి అని గ్రేడు అడిగి కొనండి. వాటికి బెజ్జాలన్నీ గట్టిపరచకముందే వేయాలి, 3 ఎంఎం పిన్నుకు 3.2 ఎంఎం బిట్టు వాడాలి. కాల్చాక లోపల కాస్త పెచ్చు కడుతుంది, బొటాబొటీగా వేస్తే పిన్ను దూరదు.

ప్రశ్న: వంటింటి కత్తికి ప్లాస్టిక్ పిడి విరిగింది. మావాడు టేకు పిడి వేస్తానని కొత్త బెజ్జాలు వేయబోయి రెండు బిట్లు విరగ్గొట్టాడు. కత్తి పారేయాలా?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ స్టీలు ఫ్యాక్టరీలోనే గట్టిపరిచింది, మామూలు బిట్టు దాన్ని కోయలేదు. పాత పిడి ఊడదీస్తే లోపల పాత రివెట్ల బెజ్జాలు ఉంటాయి, ఉన్నవే వాడుకోమనండి. టేకు చెక్కను కత్తికి బిగించి, ఆ బెజ్జాల్లోంచే చెక్కకు రంధ్రాలు వేస్తే కొలతల గొడవే ఉండదు. రెండో చెక్కకూ అంతే. ఇత్తడి కడ్డీ ముక్కలు దూర్చి, ఎపాక్సీ జిగురు పూసి రాత్రంతా బిగించి ఉంచాలి. పని మొదలుపెట్టే ముందే కత్తి అంచుకు అట్టముక్క చుట్టి టేపు వేయమనండి.